ఏం కొదవ లేదనే మా అత్త

మా అత్త పోయిందన్న కబురు సోమవారం పొద్దున నేను అరియాంకుప్పంలో మా ఇంట్లో బియ్యం కడుగుతుండగా వచ్చింది. ఫోను చేసింది అత్త ఎదురింటి ఆమె. "పాపా, దబ్బున రా. మీ అత్త లేస్తా లేదు. డాక్టరు వచ్చి చూసినాడు, ఇంగ లేదంట" అంది. యాభై దాటిన నన్ను పాపా అని పిలిచేది మా అత్త. ఆమెను చూసి ఆ వీధి వీధంతా అదే పిలుపు నేర్చుకుంది. బియ్యం నీళ్ళలోనే వదిలేసి బస్సెక్కాను.

ఏడుపు రాలేదు. నాకు మొదట వచ్చింది భయం. మంచంలో ఉన్న మామను ఇప్పుడు ఎవరు చూస్తారు? శుక్రవారం ఆ పార్లమెంటు సంఘం ముందు ఎవరు మాట్లాడతారు? బస్సు వంతెన ఎక్కేదాకా ఈ రెండే నా బుర్రలో తిరిగాయి. వంతెన మీద కిటికీలోంచి గాలి కొట్టాక అత్త ఇక లేదన్న సంగతి తగిలింది. పక్క సీటులో ఒకామె తమిళంలో "ఏమైందమ్మా" అని అడిగింది. చెంగుతో మొహం తుడుచుకుని "ఏం లేదు" అన్నాను. మా ఇంటి అలవాటు అది. ఈ నాలుగు మాటలూ ఆ అలవాటు గురించే అనుకోండి.

ఆమె మా నాన్న చెల్లెలు. నూలు మిల్లు నడిచినన్నాళ్ళూ అందులో పని చేసింది. మామ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పిల్లలు లేరు. సారం అనే పేటలో ఒక సందు చివర రెండు గదుల ఇల్లు. తాతముత్తాతల నాడు ఈ ఊరికి వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, అదీ 'నేనే' అనడానికి 'నేను దా' అనే తమిళం కలిసిన తెలుగు; వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మాలో తెలుగు చదవగలిగిన వాళ్ళు తక్కువ. నేను ఉద్యోగం మీద కొన్నేళ్ళు యానాంలో ఉన్నాను గనుక రాయడం వచ్చింది. అత్తకు రాదు. ఇది ఆమెకు ఎవరైనా చదివి వినిపించి ఉంటే, "నా గురించి ఇంత ఏంది రాసేది, వేరే పని లేదా నీకు?" అనేది.

అత్తకు భయం ఎక్కువ. గ్యాసు కట్టేసి వీధి మలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి చూసేది. తాళం లాగి చూసేది, నన్నూ లాగి చూడమనేది. బస్సు మీద అరియాంకుప్పం అని కొట్టొచ్చినట్టు రాసి ఉన్నా కండక్టరును అడిగేది, డ్రైవరును అడిగేది, చివరికి ఎక్కి కూర్చున్నాక పక్కవాళ్ళను అడిగేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. "అత్తా, బస్సు మాట మారుస్తుందా?" అంటే, "భయపడేవోళ్ళు దా పాపా గొడుగు ఎత్తుకుని పోయేది. ధైర్యవంతులు తడుస్తారు" అనేది. నేను ఎన్నోసార్లు తడిసి ఆమె గొడుగు కిందికే చేరాను.

భయమంతా ఇంట్లో వాళ్ళ కోసమే. బయటివాళ్ళకు మాత్రం ఆమె నోట ఒకే మాట. ఎవరు ఎట్లా ఉన్నారని అడిగినా, "బాగుండాం, ఏం కొదవ లేదు." మిల్లు మూతపడ్డప్పుడూ అదే మాట, మామ పడిపోయినప్పుడూ అదే మాట. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది పాపా. ఇంటికొచ్చినోళ్ళకు కాఫీ పెట్టాల, ఏడుపు పెట్టకూడదు" అని నాకు బుద్ధి చెప్పేది.

మామకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా, ఎప్పుడో ఒకటి వస్తుంది. మంచాన పడ్డ మనిషిని ఒకే పక్క ఉంచితే వీపు పుండు పడుతుందని, గంటా రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సు చెప్పింది. అత్త బక్క మనిషి, మామ భారీ మనిషి. ఒక్కతే తిప్పలేదు. అందుకని ఆ వీధిలో ఒక మర్యాద పుట్టింది. పాలకు పోయేవాళ్ళు, కుళాయికి వచ్చేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు ఎవరైనా సరే, చెప్పులు వదిలి లోపలికి వచ్చి ఒక చేయి వేసి మామను తిప్పి పోవడం. పిలవనక్కర్లేదు. వాకిట్లోంచి "అత్తా, తిప్పినారా?" అని కేక వేస్తే చాలు. మా వాళ్ళూ, తమిళులూ, మూలింటి సాయిబు గారూ, అందరూ ఆ మంచం దగ్గర ఒక చేయి వేసినవాళ్ళే. పెళ్ళికి పట్టుచీర కట్టుకుని పోతున్న పిల్ల కూడా కొంగు దోపుకుని తిప్పి పోవడం నేను చూశాను.

కానీ వీధి చేసేది తిప్పడమే. మూత్రం గొట్టం మార్చడం, పుండు కడిగి కట్టు కట్టడం నర్సు పని. మంచం పట్టిన వాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బండిలో ఆమె ప్రతి శుక్రవారం వచ్చేది. ఒకసారి బండి చెడిపోయి కొన్ని వారాలు రాలేదు. అప్పుడు పుండు ఎముక దాకా పోయింది. జ్వరం వచ్చింది, ఆ గదిలో వాసనకు అత్త అన్నం మానేసింది. ఆ వారాల్లో ఆమె మొహం చూసిన వాళ్ళకు నర్సు అంటే ఏమిటో తెలుసు. అత్త రోజూ పొద్దున దీపం పెట్టి ఏం మొక్కుకునేదో కూడా చెబుతాను. "అందరు ఆడోళ్ళూ మొగుడి కంటే ముందర పోవాలంటారు. నేను ఒక్క దినమైనా ఆయన ఎనకాల పోవాల. ముందర పోతే ఆయనను ఎవరు చూసేది?"

పోయిన ఏడు పార్లమెంటు సంఘం మా ఊరికి వచ్చింది. దేశంలో ఆరోగ్యానికి, ముసలివాళ్ళ సంరక్షణకు ఏది ముందు, ఏది వెనక అని చూసే సంఘం. ఆసుపత్రులు చూశారు, ఆఫీసర్లను ప్రశ్నలడిగారు. ఇళ్ళలో మంచం పట్టిన వాళ్ళను కూడా చూడాలన్నారు. ఆఫీసర్లు మా అత్త ఇల్లు చూపించారు. శుభ్రంగా ఉంటుందని.

అత్త చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. గోడకు సున్నం వేయించింది. మంచం మీదికి కొత్త దుప్పటి. మామకు గడ్డం గీయించి, పౌడరు రాసి, ఎప్పుడో కట్టుకున్న పట్టు అంచు పంచె తీసి కప్పింది. ఆయన పెళ్ళికొడుకులా పడుకుని కళ్ళు మిటకరించాడు. ఆ రోజు మామను తిప్పడానికి వచ్చిన వాళ్ళు తిప్పడానికే జంకారు, మడత నలుగుతుందని.

వచ్చిన సభ్యుల్లో ఒకాయన తెలుగాయన. గుమ్మం దగ్గరే "ఏమ్మా, బాగున్నారా?" అని తెలుగులో పలకరించాడు. అంతే, అత్త కరిగిపోయింది. ఈ ఊళ్ళో పరాయి మనిషి నోట తెలుగు వినడం మాకు పండగ. ఆమె కళ్ళకు ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు, సంబంధం చూడడానికి వచ్చిన చుట్టం. "మనోళ్ళే! రాండి నాయనా, కూచోండి" అంది. నర్సు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఆ రోజు ఆమెకు సెలవు, మామూలు చీరలో సాయానికి వచ్చింది. ఆమె అట్లా నిలబడటం అత్తకు మర్యాదగా తోచలేదు. "నువ్వేందిమ్మా, పరాయిదాని మాదిరి నిలబడి ఉండావు, ఇదిగో కాఫీ ఈ" అని పళ్ళెం చేతికిచ్చింది. నర్సు అందరికీ కాఫీ ఇచ్చింది. ఆమె ఎవరని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంటి మనిషే అనుకుని ఉంటారు.

"ఏమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?" అని ఆయన నోటు పుస్తకం తెరిచాడు.

"మీరు వచ్చినాక ఇబ్బంది ఏంది నాయనా! ఏం కొదవ లేదు."

"ఆయన్ను ఎవరు చూసుకుంటారు?"

"మా వీధి చూస్తాది. అందరూ వచ్చి తిప్పి పోతారు. దేవుడి మాదిరి మనుషులు."

అప్పుడే ఎదురింటి ఆమె వాకిట్లోంచి "తిప్పినారా అత్తా?" అని అరిచింది. సభ్యులందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు. ఆయన లేచి అత్తకు దండం పెట్టాడు. వాళ్ళు వెళ్ళాక అత్త నాతో, "మానం నిలబడింది పాపా" అంది. నేనూ నిజంగా గర్వపడ్డాను. ఇద్దరం మిగిలిన కాఫీ తాగాం.

కొన్ని నెలలకు సంఘం నివేదిక వచ్చింది. ఇంటర్నెట్‌లో చూసి ఆఫీసు బల్ల దగ్గర చదివాను. మా ఊరి మీద ఒక పేరా ఉంది. ఇక్కడ కుటుంబాలూ ఇరుగుపొరుగూ మంచం పట్టినవాళ్ళను ఎంతో బాగా చూసుకుంటున్నారని, దేశానికే ఆదర్శమని పొగిడారు. ఆ కిందనే, ఇట్లాంటి చోట్ల ఇంటికి వచ్చే నర్సు సేవను అవసరం ఎక్కువ ఉన్న ప్రాంతాలకు మళ్ళించవచ్చునేమో పరిశీలించాలని సలహా. ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాను. వాళ్ళను తిట్టి లాభం లేదు. వాళ్ళు చూసింది రాశారు. మేం చూపించింది చూశారు.

సాయంత్రం పోయి అత్తకు చెప్పాను. మొదట పొగడ్త చెప్పాను, సంతోషపడింది. తర్వాత రెండోది చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదల్లా ఆగిపోయింది.

"నర్సు వద్దని నేను యాడ చెప్పినాను?"

"చెప్పలేదత్తా. ఉందని కూడా చెప్పలేదు."

"అడగలేదు కదా పాపా."

"ఇబ్బంది ఉందా అని అడిగాడు కదా! కొదవ లేదన్నావు కదా!"

"ఇంటికొచ్చిన మనిషి ముందర మొగుడి పుండు చూపించేదా? నువ్వైతే చూపిస్తావా?"

నేనూ చూపించను.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. బండి చప్పుడు కోసం శుక్రవారం పొద్దుటి నుంచే చెవులు రిక్కించేది. నర్సు కాస్త ఆలస్యమైతే నాకు ఫోను. "నిలిపేసినారా పాపా? ఒక తూరి ఆఫీసులో అడుగు." నర్సు బండి నడిపే ఆఫీసులో, పై నుంచి ఏదో వస్తుందంటున్నారు, ఇంకా తేలలేదనేవారు. ఆ తేలకపోవడమే మమ్మల్ని తినేసింది. ఈలోగా సంఘం మళ్ళీ వస్తున్నదని, ఈసారి ఒక హాల్లో కూర్చుని కుటుంబాల మాట కూడా వింటుందని తెలిసింది. అత్త పేరు ఇచ్చాను. "నేను చెడిపినాను, నేను దా సరి చేయాల" అంది.

ఇక మాకు కొత్త పని. అత్తకు ఫిర్యాదు చేయడం నేర్పడం. పప్పు రుబ్బడం నేర్పవచ్చు, సైకిలు నేర్పవచ్చు, డెబ్బై దాటిన మనిషికి కష్టం చెప్పుకోవడం నేర్పడం నా వల్ల కాలేదు. నేను కుర్చీలో సభ్యుడిలా కూర్చునేదాన్ని.

"చెప్పండమ్మా, ఎట్లా ఉన్నారు?"

"బాగుండాం సామీ..."

"అత్తా!"

"ఓ... కష్టంగా ఉండాది సామీ. ఆయనకు గొట్టం మార్చాల. పుండు ఉండాది. నర్సు రాకపోతే చీము పడతాది... అయినా పరవాలేదులే, మీరు అంత దూరం నుంచి వచ్చినారు, కాఫీ తాగతారా?"

నేను తల కొట్టుకునేదాన్ని. మంచం మీద మామ గొంతులో గురక లాంటి చప్పుడు చేసేవాడు. అది ఆయన నవ్వు. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "నీ మర్యాద ఆయన వీపు తింటుంది" అన్నాను. ఆమె లేచి పోయి మామ కాళ్ళ దగ్గర కూర్చుంది. నా వైపు చూడకుండానే, ఆ నర్సు రాని వారాల సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. గుడ్డ తీస్తే గుడ్డతో బాటు ఏం ఊడివచ్చిందో చెప్పింది. ఆయన అరవడానికి కూడా శక్తి లేక ఎట్లా చూశాడో చెప్పింది. ఒక్క కాఫీ మాట లేదు. చెప్పి, "ఇట్లనా పాపా?" అని అడిగింది. ఇట్లనే అత్తా అన్నాను. ఇద్దరం ఏడ్చాం. శుక్రవారం ఇట్లాగే చెప్తే చాలు అనుకున్నాం.

ఆ శుక్రవారానికి ముందు సోమవారమే ఆమె పోయింది. గుండె. ముందు రోజు ఫోనులో గొంతు నీరసంగా ఉంటే ఏమిటని అడిగాను. "ఏం లేదు పాపా, గ్యాసు" అంది. పోయాక తెలిసింది, పాలామెతో ఏం లేదంది, ఎదురింటామెతో ఏం లేదంది, ఛాతీ రుద్దుకోవడం చూసి అడిగిన సాయిబు గారితో కూడా ఏం లేదంది. తన మొగుడి కోసం నేర్చుకున్న మాటను తన కోసం వాడుకోలేదు. నాకు ఇప్పటికీ కోపమే. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎవరికి చెప్పుకోను?

కొరివి మామ తమ్ముడి కొడుకు పెట్టాడు. వచ్చిన ఆడవాళ్ళు, పసుపు కుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. నోరు ముయ్యండి అనాలనిపించింది. రోజూ దీపం ముందు ఆమె ఏం అడిగేదో వీళ్ళకేం తెలుసు? తీసుకుపోతున్నప్పుడు మామను మేం నలుగురం పట్టుకుని వాకిలి వైపు తిప్పాం. చివరిచూపు అట్లా చూశాడు.

శుక్రవారం నేను హాలుకు వెళ్ళాను. పెద్దకర్మ కూడా కాకుండా అట్లాంటి చోటికి పోతావా అని చుట్టాల్లో ఒకరిద్దరు ముఖం చిట్లించారు. పోకపోతే మామను మీ ఇంటికి తీసుకుపోతారా అన్నాను.

చల్లని ఏసీ హాలు, పొడుగు బల్ల, అందరి ముందూ మైకులు. నా వంతు వచ్చింది. ఆ తెలుగాయన నన్ను గుర్తుపట్టాడు. నవ్వి, "ఆ రోజు కాఫీ ఇంకా మరచిపోలేదమ్మా. మీ అత్తగారు బాగున్నారా?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా నాలుక చివరిదాకా వచ్చింది, బాగున్నారండీ అని. తరతరాల నాలుక. మైకు దగ్గరికి లాక్కున్నాను.

"లేదండీ" అన్నాను. "సోమవారం పోయింది. ఛాతీ నొప్పి వస్తే కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మీకూ చెప్పలేదు. మాకు కొదవ ఉంది. మీకు కాఫీ ఇచ్చిన ఆమె ఇంటి ఆడపడుచు కాదు, నర్సు. వీధి తిప్పుతుంది, నిజమే. వీధికి గొట్టం మార్చడం రాదు, పుండు కడగడం రాదు." తర్వాత అత్త చెప్పినట్టే ఆ వారాల సంగతి చెప్పాను. గుడ్డతో బాటు ఏం ఊడివచ్చిందో కూడా చెప్పాను. బల్ల దగ్గర ఎవరో నీళ్ళ గ్లాసు కింద పెట్టారు. ఆయన కలం మూసి, మళ్ళీ తెరిచి, చాలాసేపు రాసుకున్నాడు. అధ్యక్షురాలు, విన్నాం, పరిశీలిస్తాం అన్నారు. అంతే. తరువాతి వాళ్ళను పిలిచారు.

ఏం రాస్తారో తెలియదు. ఇది రాస్తున్న రోజుకు కూడా తెలియదు. బండి ఆగిపోతుందా, ఉంటుందా, ప్రతి శుక్రవారం ఇప్పుడు మామ మంచం పక్కన నా చెవులే రిక్కించుకుంటాయి.

ఆ శుక్రవారం హాలు నుంచి నేను సారం చేరేసరికి బండి సందు మొగలో ఉంది. నర్సు లోపల మామ కట్టు కడుతోంది. ఎదురింటి ఆమె ఆయన భుజం పట్టుకుని ఉంది. ముగిశాక నర్సు గ్లౌజులు తీసి, ప్రతి వారం అడిగినట్టే, "నొప్పి ఉందా తాతా?" అని అడిగింది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకు మామ తరఫున తలుపు దగ్గరి నుంచి అత్తే జవాబు చెప్పేది, ఏం లేదమ్మా అని. ఇప్పుడు తలుపు దగ్గర ఎవరూ లేరు.

మామ పెదవులు కదిలాయి. ముద్దగా, కష్టంగా, ఒక్క మాట వచ్చింది. "ఉండాది."

అని, బాగున్న ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వీధిలో డ్రైవరు హారన్ కొట్టాడు, ఇంకో ఇల్లు చూడాలి కదా. మళ్ళీ కొట్టాడు. నర్సు చేయి లాక్కోలేదు. మంచం మీదికి వంగి, అట్లాగే నిలబడింది.